కమ్మలు పెడితే దురదా? మోకాలి ఆపరేషన్‌కు ముందు ఇది చూసుకోండి

మిర్యాలగూడలో ఉండే మా చిన్నమ్మకు వన్ గ్రామ్ గోల్డ్ కమ్మలు పడవు, రెండు రోజులకే చెవి తమ్మె ఎర్రబడి రసి కారుతుంది. మోకాలి చిప్ప మార్చాలని డాక్టర్ అనేసరికి, లోపల పెట్టేదీ లోహమే కదా అని ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్.

చాలాసార్లు అసలు దొంగ నికెల్ అనే లోహం. ముందు ఒళ్లు చూసుకోండి: జీన్స్ గుండీ తగిలే చోట బొడ్డు కింద నల్లటి మచ్చ, వాచీ కింద దద్దుర్లు, బెల్టు బకిల్ దగ్గర దురద ఉంటే అనుమానించాల్సిందే. చెమట పడితే నికెల్ ఎక్కువగా కరిగి చర్మానికి అంటుతుంది, మన నల్లగొండ ఎండల సంగతి చెప్పాలా!

తర్వాత చర్మం డాక్టర్‌ను కలిసి చర్మానికి ఏది పడదో తేల్చే ప్యాచ్ టెస్ట్ అడగండి. వీపుకు పట్టీలు అంటించి 48 గంటలకు తీస్తారు, మళ్లీ ఒకటి రెండు రోజులాగి ఇంకోసారి చూస్తారు. అన్నాళ్లూ వీపు తడవకూడదు, స్టెరాయిడ్ మందులు వాడుతుంటే ముందే చెప్పాలి.

టెస్ట్‌లో అలర్జీ వచ్చినంత మాత్రాన ఇంప్లాంట్ (మోకాలిలో పెట్టే కృత్రిమ కీలు) పడదని కాదు, చాలామందికి ఏమీ కాదు. అయినా ఎముకల డాక్టర్‌కు చెప్పండి. ఇంప్లాంట్లలో వాడే కోబాల్ట్ క్రోమ్ అనే మిశ్రలోహంలో కాస్త నికెల్ ఉండొచ్చు, టైటానియం రకాలు కుదురుతాయేమో ఆయన చూస్తారు. ఇప్పటికే వేయించుకున్న మోకాలు వాచి నొప్పి పెడితే అలర్జీ అని మీరే తేల్చేయకండి, ముందు ఇన్ఫెక్షన్ ఉందా, ఇంప్లాంట్ వదులైందా అని చూడాలి.

చిన్నమ్మ ఇప్పుడు వేపపుల్లలే పెట్టుకుంటోంది.