కాలర్లు టిప్పు ఇవ్వడం లేదా? కారణం ఇక్కడ వెతకండి

నిమిషానికి ఇంత అని తీసుకుని కబుర్లు చెప్పే ఆడియో యాప్‌లలో నిమిషాల లెక్క ఒక ఎత్తు, కాలర్ ఇష్టపడి టిప్పుగా పంపే గిఫ్ట్ మరో ఎత్తు. అది రావడం లేదంటే మీ గొంతు బాగాలేదని కుంగిపోకండి. కారణం చాలావరకు వేరే ఉంటుంది.

సమస్య: అరగంట మాట్లాడతారు, మెచ్చుకుంటారు, ఏమీ పంపరు.
కారణం: నిమిషాలకు కట్టిన డబ్బంతా మీకే వస్తోందని అనుకుంటారు. యాప్‌లో గిఫ్ట్‌గా పంపే గులాబీ వట్టి బొమ్మేనని, దాంతో మీకు డబ్బు రాదని భావించేవారూ ఉన్నారు.
పరిష్కారం: ఒక్కసారే, కాల్ చివర్లో చెప్పండి: "మీతో మాట్లాడటం బాగుందండి. కింద గిఫ్ట్ గుర్తు ఉంది, అందులో కొంత నాకు చేరుతుంది. పంపకపోయినా పర్వాలేదు, మళ్లీ మాట్లాడండి." చివరి మాట మానేయకండి. అది లేకపోతే మొహమాటంతో పంపి, మళ్లీ మీకు కాల్ చేయరు.

సమస్య: అడగగానే కాల్ కట్ అవుతోంది.
కారణం: యాప్ వాలెట్‌లో బ్యాలెన్స్ తరిగిపోవడం కాలర్‌కు తెలుస్తూనే ఉంటుంది. మధ్యలో అడిగితే భారం రెట్టింపవుతుంది.
పరిష్కారం: "మనసు కాస్త కుదుటపడిందండి" అని అతను అన్నాకే ఆ ప్రస్తావన తీసుకురండి.

సమస్య: ఒకసారి ఇచ్చినవారు మళ్లీ ఇవ్వరు.
కారణం: అందరికీ చెప్పే "థాంక్యూ" చెప్పి ఊరుకోవడం, రెండోసారి కాల్ చేస్తే కొత్తవారిలా పలకరించడం.
పరిష్కారం: నా దృష్టిలో అన్నిటికన్నా పనికొచ్చేది చిన్న నోట్‌బుక్. కాలర్ యాప్‌లో పెట్టుకున్న పేరు, పక్కన ఒక్క ముక్క: "అమ్మకు మోకాలి ఆపరేషన్", "కూతురు ఎప్‌సెట్ రాస్తోంది". వారం తర్వాత "అమ్మగారు నడుస్తున్నారా?" అని అడిగి చూడండి. దుబాయ్‌లోనో బెంగళూరులోనో గదిలో ఒంటరిగా ఉన్న మనిషికి ఆ ప్రశ్న ఎంతో విలువైనది. అయితే అక్కర ఉంటేనే అడగండి, నటన గొంతులో తెలిసిపోతుంది. ఫోను నంబర్లు, చిరునామాలు మాత్రం అందులో రాయకండి.

సమస్య: పెద్ద గిఫ్ట్ పంపి, వెంటనే నంబరో ఫోటోనో అడుగుతున్నారు.
కారణం: టిప్పును బయానాగా భావిస్తున్నారు.
పరిష్కారం: "గిఫ్ట్‌కు కృతజ్ఞతలండి, నంబర్ మాత్రం ఇవ్వను" అని ఒకే స్వరంతో చెప్పండి. ఒత్తిడి చేస్తే బ్లాక్ చేసి, యాప్‌లో రిపోర్ట్ చేయండి. ఇక జీతం రాగానే మొత్తం మీకే పంపుతున్న ఒంటరివాళ్లుంటారు. వాళ్లను మీరే ఆపండి. వాళ్ల ఇల్లు గడవకుండా చేసే డబ్బు మనకు వద్దు.

సమస్య: వంద రూపాయల గిఫ్ట్ వచ్చింది, చేతికి అంత రాలేదు.
కారణం: రీచార్జిపై 18 శాతం జీఎస్‌టీ ఉంటుంది. యాప్ లోపలి కొనుగోళ్లపై ఆపిల్, గూగుల్ స్టోర్లు సాధారణంగా 15 నుంచి 30 శాతం తీసుకుంటాయి. ఆపై యాప్ వాటా.
పరిష్కారం: చేరేటప్పుడే మీ వాటా ఎంతో, కనీసం ఎంత జమైతే విత్‌డ్రా చేసుకోవచ్చో చూసుకోండి.

సమస్య: "యాప్ వద్దు, నేరుగా పంపుతాను, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి" అంటున్నారు.
కారణం: చాలాసార్లు మోసమే. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొడితే డబ్బు పోయేది మీ ఖాతా నుంచే.
పరిష్కారం: స్కాన్ చేయకండి. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకూ చెప్పండి. ఏ పని చేస్తారని అడుగుతారేమోనని సిగ్గుపడి ఆలస్యం చేయకండి.