మేడ మీద మూకీ సినిమా: పిల్లలకి 'సేఫ్టీ లాస్ట్' ఇలా చూపించండి

ఎండాకాలం సెలవుల్లో మా కావలిలో రాత్రి ఏడున్నర దాటితే మేడ మీద గాలి హాయిగా ఉంటుంది. చిన్న ప్రొజెక్టర్, తెల్ల దుప్పటి ఉంటే చాలు, అమెరికా మూకీల హాస్యనటుడు హెరాల్డ్ లాయిడ్ 1923లో చేసిన 'సేఫ్టీ లాస్ట్' వేసేయొచ్చు. గంటంబావు లోపే అయిపోతుంది. మంచి ప్రింటే వెతకండి, మసక ప్రింటైతే పిల్లలు పది నిమిషాల్లో లేచిపోతారు. దుప్పటి కింది అంచుని కర్రకి చుట్టి ఇటుకలు కట్టండి. మొదటిసారి మేం కట్టలేదు, హీరో ఎత్తైన బిల్డింగు ఎక్కుతూ గోడ గడియారం ముల్లు పట్టుకుని వేలాడే సీన్లో గాలికి బిల్డింగంతా అలలా ఊగి భయమే పోయింది. పిల్లల్ని పిట్టగోడకి దూరంగా కూర్చోబెట్టండి.

సినిమాకి ముందు ఒక సంగతి మాత్రం తప్పకుండా చెప్పాలి. అప్పట్లో అమెరికా ఊళ్లలో ఎత్తైన బిల్డింగులు చేతులతోనే పట్టుకుని ఎక్కేవాళ్లుండేవారు, జనం వాళ్లని 'హ్యూమన్ ఫ్లై' అనేవాళ్లు, అంటే గోడ మీద ఈగలా పాకే మనిషని. దొమ్మరాటలో గడ ఎక్కుతుంటే మన ఊళ్లలో ఎట్లా మూగేవాళ్లో అక్కడా అట్లాగే, అందుకే దుకాణాల వాళ్లు ప్రచారం కోసం డబ్బులిచ్చి మరీ ఎక్కించేవాళ్లు. లాస్ ఏంజిల్స్‌లో బిల్ స్ట్రోదర్ అనే ఆయన అలా ఎక్కుతుంటే లాయిడ్ చూడలేక వీధి మలుపు దాటి వెళ్లి, ఇంకా గోడ మీదే ఉన్నాడా అని మధ్యమధ్యలో తొంగి చూశాడట. ఈ కథ పుట్టింది అక్కడే, హీరో రూమ్మేట్‌గా వేసింది కూడా ఆ స్ట్రోదరే.

మొదటి సీన్లో కటకటాలు, ఉరితాడు కనిపిస్తాయి, అప్పుడేం చెప్పకండి. అది రైల్వే స్టేషనని తేలాక ఆపండి. ఆ తాడు ఉరితాడు కాదు, రైలు ఆగకుండానే సిబ్బందికి ఆర్డర్ కాగితం అందించే రింగు. రైల్వేలో చేసి రిటైరైన మా పెదనాన్న చూడగానే, "ఇది మన టోకెన్ రింగు లాంటిదే కదబ్బయ్యా" అన్నాడు.

మధ్యలో వచ్చే మాటల కార్డుల్ని ఒక్కరే తెలుగులో చదవాలి, చదివి ఊరుకోవాలి. సంగీతం తక్కువగా పెట్టండి, పిల్లల కేకలు వినపడాలి.

అయిపోయాక గడియారం సీన్‌కి వెనక్కి వెళ్లండి. గోడ సెట్‌ని వేరే బిల్డింగుల పైకప్పుల మీద కట్టి, కింద వీధి కనపడేలా కెమెరా పెట్టారు. తర్వాత లాయిడ్ కుడిచెయ్యి చూపించండి. 1919లో ఉత్తుత్తి బాంబనుకున్నది చేతిలో పేలి బొటనవేలు, చూపుడువేలు పోయాయి, అక్కడున్నది తొడుగు. మా పక్కింటి ఎనిమిదేళ్ల పాప అది విని ఆ రెండు వేళ్లూ మడిచి, మిగతా మూడింటితో మంచం పట్టెని పట్టుకుని, సీన్ అయ్యేదాకా వదల్లేదు.