గులాబీకి జబ్బు చేసిందా? మందు కొనే ముందు ఇవి చూడండి

ఆకు కాస్త పాలిపోగానే దుకాణానికి వెళ్లి ఏదో ఒక పురుగుమందు తెచ్చి కొట్టేయడం మన దగ్గర అలవాటైపోయింది. పెరటి గులాబీలకు చేటు చేస్తున్నది ఎక్కువగా ఇదే. శిలీంధ్రం తెచ్చే తెగులుకు పురుగుమందు పనిచేయదు. ఎర్రనల్లి సాలీడు జాతిది కాబట్టి దానికీ మామూలు పురుగుమందు పనిచేయదు. పైగా ఇమిడాక్లోప్రిడ్ లాంటివి పదేపదే కొడితే నల్లి ఉధృతి పెరిగే ప్రమాదం కూడా ఉంది.

అందుకే ముందు లక్షణం లేత ఆకుల్లో ఉందో, ముదురు ఆకుల్లో ఉందో చూడండి. ఆకు తిప్పి అడుగుభాగం చూడండి. తర్వాత ఒక తెల్ల కాగితం పట్టుకుని దాని మీద కొమ్మ చివరను నాలుగుసార్లు తట్టండి. సన్నగా, పొడవుగా ఉండి చకచకా పరుగెత్తేవి తామర పురుగులు. మిరియప్పొడి రాలినట్టు కనిపించి మెల్లగా కదిలేవి నల్లులు. ఏమీ రాలకపోతే తెగులో, వేరులో లోపమో అయి ఉండవచ్చు.

మొగ్గ విచ్చుకోకుండా మాడిపోతోంది, లేత ఆకులు ముడుచుకుంటున్నాయి

ఇది తామర పురుగుల పని. మిరపలో పై ముడత తెచ్చే తామర పురుగే గులాబీనీ పట్టుకుంటుంది. రేకుల అంచులు గోధుమ రంగుకు తిరుగుతాయి, మొగ్గ వంకరపోతుంది, కొత్త చిగురు గిడసబారి రాగిరంగులో ఉండిపోతుంది. పొడి వాతావరణంలో ఉధృతి ఎక్కువ.

ఒక్కసారి మందు కొడితే ఇవి పోవు. గుడ్లు ఆకు కణజాలం లోపల ఉంటాయి. కోశస్థ దశ, అంటే రెక్కల పురుగుగా మారే ముందు దశ, చాలావరకు మొక్క మొదట్లోని మట్టిలోనూ, రాలిన ఆకుల్లోనూ గడుస్తుంది. మందు ఆ రెండింటికీ తగలదు. అందుకని మాడిన మొగ్గలు, ముడుచుకున్న చిగుళ్లు తుంచి సంచిలో కట్టి పారేయండి, కుండీ పక్కన పడేయవద్దు. కుండీలో పైమట్టి గుల్ల చేసి రాలిన ఆకులు ఏరేయండి. మొక్క ఎత్తులో నీలిరంగు జిగురు అట్ట కట్టండి. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, అది కలవడానికి కాస్త సబ్బుద్రావణం వేసి సాయంత్రం పూట కొట్టి, వారానికోసారి చొప్పున మూడుసార్లు చేయండి. అప్పటికీ లొంగకపోతే స్పైనోసాడ్ 45 ఎస్.సి. లీటరుకు 0.3 మి.లీ. సరిపోతుంది. ఇంత తక్కువ కొలతకు మందుల షాపులో దొరికే సూదిలేని సిరంజి వాడండి. మూతతో ఉజ్జాయింపుగా పోస్తే మోతాదు బాగా ఎక్కువైపోతుంది. తేనెటీగలకు ఇది హాని చేస్తుంది కనుక అవి తిరిగే పూట కొట్టకూడదు.

ఆకంతా సన్నని పసుపు చుక్కలు, అడుగున సాలెగూడు

ఎర్రనల్లి. ఎండలు ముదిరే కొద్దీ విజృంభిస్తుంది. గోడ పక్కన, డాబా మీద వేడి కొట్టే చోట ఉన్న కుండీలకు మొదట వస్తుంది. పైపు నీళ్లు ఆకుల అడుగున గట్టిగా తగిలేలా రెండు మూడు రోజులకోసారి పొద్దున్నే కొట్టడమే అన్నిటికన్నా మంచి వైద్యం. తీవ్రంగా ఉంటే అబామెక్టిన్ 1.9 ఇ.సి. లీటరుకు 0.5 మి.లీ. కొట్టవచ్చు. నీటిలో కరిగే గంధకం కూడా నల్లిని చంపుతుంది కానీ, ఏప్రిల్, మే ఎండల్లో కొడితే ఆకు కాలిపోతుంది. వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు గంధకం జోలికి అసలు వెళ్లవద్దు.

చిగురు జిగురుగా ఉంది, చీమలు ఎక్కుతున్నాయి

పేనుబంక. చీమలు దాని తీపి జిగురు కోసం వస్తాయి. ఆ జిగురు మీదే నల్లటి మసి తెగులు పెరుగుతుంది. వేళ్లతో నలిపేసి నీళ్లతో కడిగితే చాలావరకు పోతుంది. మొక్క మీద అక్షింతల పురుగులు కనిపిస్తే మందు కొట్టకుండా ఆగండి, వాటి పిల్లలు పేనును తినేస్తాయి. తెల్ల దూదిలా అంటుకుంటే అది పిండినల్లి. పాత టూత్‌బ్రష్‌తో సబ్బునీళ్లు పెట్టి రుద్దేయండి.

నల్లమచ్చలు ఒకటి, తెల్లపొడి ఇంకొకటి

రెండూ శిలీంధ్రాలే అయినా నడత వేరు. నల్లమచ్చకు తడి కావాలి. ఆకు ఏడు గంటలకు పైగా తడిగా ఉంటే ఇది అంటుకుంటుంది, అందుకే వానాకాలంలో వస్తుంది. అంచులు చెదిరిన నల్లటి గుండ్రని మచ్చలు వచ్చి, చుట్టూ ఆకు పసుపుబారి రాలుతుంది, కింది ఆకులతో మొదలవుతుంది. సాయంత్రం ఆకుల మీద నీళ్లు పోయడం మానేయండి. రాలిన ఆకుల్ని ఏరి పారేయండి. మాంకోజెబ్ లీటరుకు 2.5 గ్రాములు, లేదా సాఫ్ పేరుతో దొరికే మిశ్రమం 2 గ్రాములు పది రోజుల తేడాతో రెండుసార్లు కొట్టండి.

బూడిద తెగులు చలికాలంలో వస్తుంది, ఆకు తడవకపోయినా వస్తుంది. లేత ఆకులు, మొగ్గ కాడ తెల్లపొడి చల్లినట్టుంటాయి. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు చాలు, అప్పుడు ఎండ భయం కూడా ఉండదు.

కొమ్మ పైనుంచి నల్లబడి కిందికి ఎండుతోంది

అన్నిటికన్నా ఎక్కువ భయపడాల్సింది దీనికే. పురుగు ఆకులు తింటే మొక్క మళ్లీ చిగురిస్తుంది, ఈ ఎండు తెగులు మొదటిదాకా దిగితే మొక్క దక్కదు. కత్తిరించిన గాయం గుండా శిలీంధ్రం లోపలికి వెళ్తుంది. అక్టోబరులో కొమ్మలు కత్తిరించాక, మొద్దుబారిన కత్తెర వాడినచోట, పూలు తెంపి కాడ వదిలేసినచోట మొదలవుతుంది.

నల్లబడిన చోటికి ఒక అంగుళం కింద, పచ్చని భాగంలో కత్తిరించండి. కోసిన చోట మధ్యలో బెండు గోధుమ రంగులో ఉంటే ఇంకా కిందికి వెళ్లండి, తెల్లగా కనిపించేదాకా కత్తిరిస్తూనే ఉండండి. ప్రతి కోతకూ కత్తెరను స్పిరిట్‌తో తుడవండి. బ్లైటాక్స్ అనే పేరుతో దొరికే కాపర్ ఆక్సీక్లోరైడ్‌ను నీళ్లతో ముద్దలా కలిపి కోసిన చోట వెంటనే పూయండి. మిగిలిన మొక్క మీద దాన్నే లీటరుకు 3 గ్రాములు కలిపి కొట్టండి.

కొమ్మలన్నీ ఎండాక మొదట్లోంచి కొత్త కొమ్మ ఏపుగా వస్తే సంబరపడే ముందు అది ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. అంటు కట్టిన చోటుకి కిందనుంచి వచ్చి, ఒక్కో ఆకులో ఏడేసి చిట్టి ఆకులుంటే, అది చాలావరకు అడవి గులాబీ కొమ్మే. మీరు కొన్న పువ్వు దానికి పూయదు. అంటుకి పైన ఇంకా ప్రాణం ఉంటే ఆ కొమ్మను మొదలంటా తీసేయాలి.

పురుగూ లేదు, మచ్చా లేదు, ఆకులు పసుపు

లేత ఆకు పసుపుగా ఉండి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు. సున్నం ఎక్కువున్న నేలల్లో, బోరునీళ్లు పోసేచోట ఇది మామూలే. లీటరు నీటిలో అన్నభేది 5 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము కలిపి వారం తేడాతో రెండుసార్లు కొట్టండి.

ముదురు ఆకులు పసుపుబారి రాలుతూ మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే వేరు కుళ్లుతోంది. కడియం వైపు నర్సరీల నుంచి వచ్చే మొక్కల్లో ఇంకో చిక్కు ఉంది. వేరు చుట్టూ ఎర్రమట్టి ముద్ద గట్టిపడి ఉంటుంది, చుట్టూ గుల్ల మట్టి తడిసినా ముద్ద లోపలికి నీరు దిగదు. నాటే ముందు ఆ ముద్దను బకెట్ నీటిలో నానబెట్టి, బయటి పొర మెల్లగా కరగనిచ్చి నాటాలి. పచ్చి పేడ వేయవద్దు, వేరు పురుగు దాంట్లోనే పెరుగుతుంది. బాగా మాగిన ఎరువే వేయండి.

ఆకు అంచున చక్కగా అర్ధచంద్రాకారంలో కోసినట్టుంటే అది ఆకు కత్తిరించే తేనెటీగ పని. గూటికోసం తీసుకెళ్తుంది, మొక్కకు నష్టమేమీ లేదు, దాన్ని వదిలేయండి. తొలకరి వానల తర్వాత రాత్రుళ్లు ఆకులు చిల్లులు పడుతుంటే టార్చితో చూసి పెంకు పురుగుల్ని ఏరి సబ్బునీళ్లలో వేయండి.

గుల్కంద్ చేసుకునే, తినే పూలున్న మొక్కకు రసాయన మందులు కొట్టకండి, దానికి వేపనూనె, నీళ్ల పైపు మాత్రమే వాడుకోవాలి.