మిట్టమధ్యాహ్నం సోలార్ ఆగిపోతోందా? తిరుపతి ఇళ్లకు సమస్య - పరిష్కారం

మేడ మీద సోలార్ ఆగిందనగానే ప్యానెళ్లను అనుమానించకండి. తొందరగా చెడేవి అవి కావు. ముందు ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చే కరెంటుగా మార్చే పెట్టె) తెర మీద ఏముందో ఫోటో తీసి, టైమ్ రాసుకోండి. టెక్నీషియన్‌కు సగం పని తగ్గుతుంది.

సమస్య: ఎండ బాగా కాసే వేళ ఇన్వర్టర్ ఆగి, కాసేపటికి తనంతట తానే మొదలవుతోంది.

కారణం: ఎక్కువసార్లు గ్రిడ్ ఓవర్ వోల్టేజ్, అంటే వీధి లైనులో వోల్టేజ్ మరీ పెరగడం. వీధిలో చాలా ఇళ్లకు సోలార్ ఉండి, అందరూ పనులకు వెళ్లిపోతే వాడకం తగ్గి, లైనులోకి వెళ్లే కరెంటు పెరుగుతుంది. దాంతో వోల్టేజ్ ఎక్కుతుంది. 230 మీద పది శాతం, అంటే 253 వోల్టులకు అటూ ఇటూగా దాటితే చాలా ఇన్వర్టర్లు ఆగిపోతాయి.

పరిష్కారం: సోలార్ నడుస్తుండగానే ఇన్వర్టర్ దగ్గర, మీటర్ దగ్గర వోల్టేజ్ ఎంతుందో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. రెండింటికీ నాలుగైదు వోల్టులకు మించి తేడా ఉంటే లోపం మన వైపే: మధ్యలో వేసిన వైరు సన్నదైనా అయి ఉండాలి, జాయింట్ లూజైనా అయి ఉండాలి. నాలుగు డబ్బులు మిగులుతాయని సన్న వైరు వేయడం చాలా తప్పు, ఆ నష్టం ఏళ్ల తరబడి మోయాలి. మీటర్ దగ్గరే 250 దాటి ఉంటే స్తంభం దగ్గర జాయింట్ చూడాలి, లేదా ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (వోల్టేజ్ తగ్గించే, పెంచే అమరిక) మార్చాలి. అది కరెంటాఫీసు పని. 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఈలోగా బోరు మోటారు, వాషింగ్ మెషీన్ మధ్యాహ్నం వేసుకుంటే కొంత నయం. ఇన్వర్టర్ సెట్టింగ్‌లో ఆగిపోయే వోల్టేజ్ లిమిట్ పెంచేస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. అదే వోల్టేజ్ మీ ఫ్రిజ్‌కీ వెళ్తుంది.

సమస్య: అక్టోబరు, నవంబరు వానల్లో పొద్దున స్టార్ట్ కాదు. ఎండ వచ్చి అంతా ఆరాక నడుస్తుంది. తెర మీద ఐసోలేషన్ ఫాల్ట్ అని వస్తుంది.

కారణం: ప్యానెళ్ల కింద కనెక్టర్లలోకి నీళ్లు దిగి కరెంటు ఎర్త్‌కు లీకవుతోంది. వైర్లు స్లాబు మీద నీళ్లలో పడి ఉన్న మేడల్లో ఇది మామూలే. కపిలతీర్థం, అలిపిరి వైపు కోతులు వైర్లు లాగినా ఇంతే.

పరిష్కారం: మెగ్గర్ (లీకేజీ పరీక్షించే మీటర్) ఉన్న టెక్నీషియన్‌ను పిలిచి పాడైన కనెక్టర్ మార్పించండి. వైర్లను పైపులో వేసి పైకి కట్టించండి. మీరు చెయ్యి పెట్టొద్దు! మెయిన్ ఆపినా పగటిపూట ఆ వైర్లలో వందల వోల్టుల డీసీ ఉంటుంది.

సమస్య: మే నెలలో ఎండ ఎక్కువే, యూనిట్లు తక్కువ.

కారణం: వేడి. ప్యానెల్ వేడి 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం దిగుబడి తగ్గుతుంది. ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే పన్నెండు నుంచి పదహారు శాతం పోయినట్టే. ఇది రిపేరు కాదు. దుమ్ముంటే మాత్రం తెల్లవారుజామునే కడగండి. బోరు నీళ్లయితే వెంటనే తుడిచేయండి, లేదంటే తెల్లటి పొర కడుతుంది.

సమస్య: కరెంటు పోతే సోలారూ పోతోంది.

కారణం: బ్యాటరీ లేని సిస్టమ్ అలాగే ఆగాలి. లేకపోతే మీ సోలార్ కరెంటు లైనులోకి వెళ్లి, స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణానికే ముప్పు.

సమస్య: ఇన్వర్టర్ యాప్‌లో రోజుకు 12 యూనిట్లు, బిల్లులో ఎక్స్‌పోర్ట్ (లైనులోకి పంపిన యూనిట్లు) అంతకంటే చాలా తక్కువ.

కారణం: పగలు ఇంట్లో వాడుకోగా మిగిలిందే నెట్ మీటర్ ఎక్స్‌పోర్ట్‌గా లెక్కిస్తుంది. మూడు కిలోవాట్లకు మంచి ఎండలో 12 యూనిట్లు వస్తుంటే సిస్టమ్ బాగున్నట్టే.