లావెండర్ కొమ్మలు బతకడం లేదా? సమస్య - పరిష్కారం

నచ్చిన లావెండర్ మొక్కను అచ్చం అలాగే మళ్లీ పెంచాలంటే కొమ్మ నాటడమే నమ్మకమైన దారి. విత్తనంతో తల్లి మొక్క గుణాలు అన్నీ రావు. లావెండిన్ లాంటి సంకర రకాలకైతే మొలిచే విత్తనమే ఉండదు.

కాడ అడుగున నల్లబడి మెత్తబడింది

ఎక్కువ కొమ్మలు పోయేది ఇలాగే. లావెండర్ మధ్యధరా తీరపు రాతినేలల మొక్క. మట్టి ఎప్పుడూ తడిగా ఉండి గాలి ఆడకపోతే శిలీంధ్రం చేరి కాడ కుళ్లుతుంది. తోటమట్టి, పశువుల ఎరువు, కడగని పాత కుండీ దానికి తోడవుతాయి.

కుళ్లిన కొమ్మను వెంటనే తీసేయండి, పక్కవాటికి పాకుతుంది. పైభాగం ఇంకా గట్టిగా, పచ్చగా ఉంటే బాగున్న చోట కణుపు కింద కోసి మళ్లీ నాటి చూడొచ్చు, కానీ పాత మట్టిలో మాత్రం వద్దు. సగం కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), సగం పెర్లైట్ (తేలికైన తెల్లటి గుల్ల రాతి పలుకులు) లేదా ముతక ఇసుక చాలు, ఎరువు అక్కర్లేదు. నాటినప్పుడు బాగా తడిపి, ఆ తర్వాత పైపొర ఆరాకే నీళ్లివ్వండి. తేమ నిలవడానికి ప్లాస్టిక్ కవర్ కప్పితే అది ఆకులకు తగలకుండా చూడండి, రోజూ కాసేపు తీసి గాలి తగలనివ్వండి. మొక్క మీద ప్రేమతో పొద్దునా సాయంత్రం నీళ్లు పోసేవాళ్ల కొమ్మలే ముందు పోతాయి.

నాటిన రోజే తల వాల్చేసింది

వేళ్లు లేని కొమ్మ అన్ని ఆకులకు నీరు అందించలేదు. 8-10 సెంటీమీటర్ల కొమ్మను పొద్దున్నే కోసి, కింది సగం ఆకులు దూసి, వాడిపోకముందే నాటండి. వెలుతురు బాగా ఉండాలి, నేరుగా ఎండ పడకూడదు.

వారాలైనా పచ్చగానే ఉంది, వేళ్లు లేవు

ముందు ఓపిక పట్టండి. వేళ్లకు మామూలుగా 3-6 వారాలు పడుతుంది, చలిలో ఇంకా ఆలస్యం. పీకి చూస్తే అప్పుడే పుట్టిన వేళ్లు తెగిపోతాయి. మెల్లగా పైకి లాగితే కొమ్మ బిగువుగా ఆగిందంటే వేరు పట్టినట్టే.

అప్పటికీ పట్టకపోతే ఎంచుకున్న కొమ్మలోనే లోపం ఉండొచ్చు. బాగా ముదిరి కట్టెగా మారినదీ పూత ఉన్నదీ సరిగా వేరు పట్టవు. ఈ ఏడాది పెరిగిన, పూయని, అడుగున కాస్త గట్టిపడిన కొమ్మ తీసుకోండి. వేళ్లు పుట్టడానికి సాయపడే రూటింగ్ హార్మోన్ పొడి తప్పనిసరి కాదు, అద్దితే మంచిదే.

మొగ్గ వేసింది

తుంచేయండి. ఆ బలం వేళ్లకు వెళ్లాలి.

కుండీ మార్చాక నీరసించింది

పెద్ద కుండీలో చిన్న వేళ్లు తాగలేనంత తడి నిలుస్తుంది. ముందు చిన్న కుండీలోకే మార్చి, వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా ఎండకు అలవాటు చేయండి. కొత్త చిగుళ్లు కనిపించాక కొసలు గిల్లితే మొక్క గుబురుగా పెరుగుతుంది.