లడ్లో వెళ్తే సంత రోజు చూసుకుని వెళ్ళండి

ఇంగ్లండ్‌లో ఉండేవాళ్ళు ష్రాప్‌షైర్‌లోని లడ్లో అనే చిన్న ఊరికి ఒక్కసారైనా వెళ్ళండి. మాంచెస్టర్ నుంచి కార్డిఫ్ వెళ్ళే రైళ్ళు చాలావరకు అక్కడ ఆగుతాయి. సోమ, బుధ, శుక్ర, శనివారాల్లో కోట గుమ్మం ముందే సంత జరుగుతుంది. ఆ రోజుల్లో వెళ్తేనే ఊరికి అందం.

వేల్స్ సరిహద్దు కాపలా కోసం 11వ శతాబ్దం చివర్లో లేసీ వంశం వాళ్ళు మొదలుపెట్టిన కోట అది. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీకి అన్నయ్య అయిన ఆర్థర్ 1502లో చనిపోయింది ఇక్కడే. ఆయన బతికుంటే తమ్ముడికి సింహాసనం దక్కేదే కాదు! కోట లోపల గుండ్రటి ప్రార్థన మందిరం ఉంది, అది అస్సలు వదలకండి.

సెయింట్ లారెన్స్ చర్చిని చాలామంది పైపైన చూసి వచ్చేస్తారు. గాయకులు కూర్చునే పాత చెక్క సీట్ల అడుగుభాగం చూడండి. కొలతలో మోసం చేసిన బీరు అమ్మే ఆవిడను దయ్యాలు నరకానికి మోసుకుపోతున్న చెక్కడం ఒకటుంది, నాకు ఊరంతటిలోకీ అదే ఇష్టం.

ఫొటోల కోసమైతే డిన్హమ్ వంతెన దాటి టీమ్ నది అవతలి గట్టు ఎక్కండి. కోట, చర్చి గోపురం ఒకే ఫ్రేములో వస్తాయి. దారి ఎగుడుదిగుడు, మంచి బూట్లు వేసుకోండి.