కొండ ద్రాక్షలు, మూడో పాఠం: సవోయ్ వైన్ లేబుల్ చదవడం

మొదటి రెండు పాఠాల్లో పులుపు, వగరు నోట్లో ఎక్కడెక్కడ తెలుస్తాయో చూశాం కదా, నిమ్మకాయ నీళ్ళతో ఒకటి, పాలు లేని స్ట్రాంగ్ టీతో ఇంకోటి. అవి చెయ్యకుండా డైరెక్ట్‌గా ఇక్కడికి వచ్చేసినవాళ్ళు ముందు వెళ్ళి చేసి రండి, ఎందుకంటే ఈరోజు నుంచి ఊళ్ళ పేర్లు, ద్రాక్ష పేర్లు మొదలవుతాయి, నోటికి ఏమీ తెలియకుండా పేర్లు బట్టీ కొడితే వారం తిరక్కుండా గాలికి పోతాయి.

సవోయ్ అంటే ఫ్రాన్స్ తూర్పు అంచు, ఆల్ప్స్ కొండలు, అటు స్విట్జర్లాండ్ ఇటు ఇటలీ. ఆల్ప్స్ అనగానే మంచులో తోటలు ఊహించుకోకండి, తోటలు చాలావరకు 300 నుంచి 500 మీటర్ల ఎత్తులోనే, దక్షిణం ఎండ బాగా తగిలే వాలు చూసుకుని వేశారు, మంచు కొండలు వెనకాల ఉంటాయి అంతే. పగలు ఎండకి కాయలో తీపి పెరుగుతుంది. పులుపుకి కారణమైన మాలిక్ యాసిడ్‌ని మాత్రం వేడి ఉన్నంతసేపు కాయ ఖర్చు పెట్టేసుకుంటూ ఉంటుంది, రాత్రి చల్లబడితే ఆ ఖర్చు తగ్గి పులుపు మిగులుతుంది. బెజవాడలో మే నెల రాత్రి పదకొండింటికి కూడా డాబా గచ్చు కాలుతూనే ఉంటుంది, అక్కడ ఇది జరిగే పని కాదు.

ఇప్పుడు లేబుల్. సవోయ్ లేబుల్ మీద ద్రాక్ష పేరు లేకపోయినా కంగారు పడక్కర్లేదు, చోటు పేరు చూస్తే ద్రాక్ష తెలిసిపోతుంది. అప్రెమాన్ అనో అబీమ్ అనో ఉంటే అది జాకేర్, సవోయ్‌లో ఎక్కువగా వేసే తెల్ల ద్రాక్ష ఇదే. ఆల్కహాల్ తక్కువ, 11 శాతం దగ్గర్లో ఉంటుంది, రంగు దాదాపు నీళ్ళలాగే, పులుపు చురుగ్గా దవడల పక్కన తగులుతుంది. ఈ రెండు చోట్ల కథ ఒకటి చెప్పాలి. 1248 నవంబర్‌లో ఒక రాత్రి గ్రానియే కొండ ముఖం విరిగి కింద ఊళ్ళ మీద పడింది, ఊళ్ళకి ఊళ్ళే మట్టిలో కలిసిపోయాయి. ఆ కూలిన సున్నపురాయి గుట్టల మీదే తర్వాత తోటలు లేచాయి. ఇప్పటికీ తీగల మధ్య పెద్ద పెద్ద బండరాళ్ళు కనిపిస్తాయి, కొండ వైపు చూస్తే విరిగిన చోటు నిటారు గోడలా తెలుస్తుంది.

షిన్యాన్ అనే ఊరి పేరు దగ్గర కొంచెం జాగ్రత్త. ఉత్త షిన్యాన్ తెలుపు అంటే జాకేర్, షిన్యాన్ బెర్జెరోన్ అంటే మాత్రం రూసాన్ అనే వేరే ద్రాక్ష, అది బరువుగా, పండిన ఆప్రికాట్ వాసనతో ఉంటుంది, రేటు కూడా ఎక్కువే. రూసెట్ ద సవోయ్ అని ఉంటే ఆల్టెస్ అనే ద్రాక్ష. జెనీవా సరస్సు వైపు రిపాయ్, క్రేపీ అనే పేర్లుంటే షాస్లా ద్రాక్ష. మోంట్ బ్లాంక్ వెళ్ళే దారిలో ఐజ్ అనే ఊళ్ళో గ్రాంజే అనే ద్రాక్ష ఒకటుంది, ఆ చుట్టుపక్కల తప్ప దాదాపు ఎక్కడా దొరకదు, ప్రస్తుతానికి పేరు గుర్తుంటే చాలు.

ఎర్రదాంట్లో ఆర్బాన్ అనే ఊరు గుర్తుపెట్టుకోండి, అక్కడి ద్రాక్ష మోందూజ్. నాకు సవోయ్‌లో అన్నిటికంటే ఇదే ఇష్టం. మిరియాల ఘాటు, ముదురు రంగు, వగరు గట్టిగానే ఉంటుంది కానీ ఆల్కహాల్ తక్కువ, ఆ కాంబినేషన్ దొరకడం కష్టం. నాసిక్‌లో చేసే షిరాజ్ ఎర్ర వైన్ తాగినవాళ్ళకి ఈ మిరియాల ఘాటు ఎక్కడో రుచి చూసినట్టే ఉంటుంది, ఎందుకంటే డీఎన్ఏ పరీక్షల్లో షిరాజ్‌కి ఒక పేరెంట్ మోందూజ్ బ్లాంష్, అంటే తెల్ల మోందూజ్ అని తేలింది, ఎర్ర మోందూజ్ కూడా ఆ కుటుంబమే.

పోయిన పాఠం చదివి మా గుంటూరు బావ ఫోన్ చేశాడు, "ఏరా, ఇవన్నీ సరే, మన గోంగూర మటన్‌లోకి ఏది పనికొస్తుందో చెప్పు" అని. మంచి ప్రశ్న బావా. తిండిలో పులుపు ఎక్కువై వైన్‌లో తక్కువైతే వైన్ చప్పగా అయిపోతుంది, కాబట్టి గోంగూర పక్కన నిలబడాలంటే జాకేర్ లాంటి పుల్లటిదే కావాలి. కారానికి కూడా అదే నయం, ఆల్కహాల్ ఎక్కువైతే గుంటూరు మిరపకాయ మంట రెండింతలు అనిపిస్తుంది, దానికి వగరు కూడా తోడైతే ఇంక చెప్పక్కర్లేదు. మోందూజ్‌ని కారం తక్కువగా మిరియాలు వేసిన వేపుడుకి దాచుకో.

రూమ్ టెంపరేచర్‌లో తాగాలి అని ఎక్కడైనా చదివితే నమ్మకండి, అది వాళ్ళ చలిదేశపు రూమ్, మనది కాదు. జాకేర్ 8 నుంచి 10 డిగ్రీలు, మోందూజ్ 15 దగ్గర. అంటే ఎర్రదాన్ని కూడా మనం ఒక అరగంట ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే.

అసలు ఈ సీసాలు మన దగ్గర దొరుకుతాయా అంటే, వైన్స్ అని బోర్డున్న షాపుల్లో వెతకడం టైమ్ వేస్ట్. సవోయ్ వైన్ ఎక్కువభాగం అక్కడే, స్కీయింగ్‌కి వచ్చినవాళ్ళతోనే అయిపోతుంది. యూరప్ నుంచి ఎవరన్నా వస్తుంటే చెప్పి తెప్పించుకోండి, ఒక మనిషి డ్యూటీ లేకుండా 2 లీటర్లు తేవచ్చు, అంటే మామూలు సీసాలు రెండు.

హోంవర్క్ మాత్రం సవోయ్ సీసా లేకుండానే. తాగనివాళ్ళు బెజవాడ కేదారేశ్వరపేట మార్కెట్లో గింజలున్న నల్ల ద్రాక్ష ఒక పావుకిలో కొనండి. ఒక కాయ తీసుకుని తొక్క వేరే, గుజ్జు వేరే చేసి ముందు గుజ్జు తినండి, తర్వాత తొక్క నమలండి, చివర్లో గింజ కొరకండి. గుజ్జులో తీపి పులుపు, తొక్కలో రంగు కాస్త వగరు, గింజలో ఉత్త వగరు. తెల్ల వైన్ చెయ్యడానికి రసం పిండి తొక్క, గింజలు ముందే తీసేస్తారు, ఎర్రదానికి వాటితోపాటే పులియబెడతారు, జాకేర్‌కి మోందూజ్‌కి నోట్లో తేడా సగం అక్కడే ఉంది. తాగేవాళ్ళు నాసిక్ సావిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ బాగా చల్లబెట్టి, ముందు బంగాళాదుంప వేపుడుతో ఒక గుక్క, తర్వాత వేలికొసంత గోంగూర పచ్చడి తిని ఇంకో గుక్క తాగి చూడండి. రెండోసారి వైన్ నీళ్ళలా అనిపించిందా, నిలబడిందా, కాగితం మీద రాసి పెట్టుకోండి, నాలుగో పాఠంలో ఇటలీ వైపు దిగి వాల్ దావోస్తా వెళ్ళేటప్పుడు అది కావాలి.